స్టీలు పళ్ళేలతో 10 అడుగుల పులస: పొలుసులు ఎలా బిగించాలి, గాలికి ఎలా నిలబెట్టాలి?

కాలవగట్టు_కళ
అమలాపురం అవతల, సముద్రానికి 10 కిలోమీటర్ల లోపున్న ఊరు. పంచాయతీ పార్కులో పాత సామానుతో పులస చేప బొమ్మ నిలబెట్టే పని నడుస్తోంది. పొడవు 10 అడుగులు, రెక్కలతో కలిపి ఎత్తు 4, మందం అడుగున్నర. లోపలి గూడుకి 25 మి.మీ. చదరపు ఇనప పైపు, పక్కటెముకలకి 8 మి.మీ. ఊచ వాడాం. గూడు అయిపోయింది.

చేతిలో ఉన్న సామాను: ఊళ్లోవాళ్లు ఇచ్చిన పాత స్టీలు పళ్ళేలు, మూతలు రెండొందల పైచిలుకు, ఇత్తడి బిందెలు రెండు, కంచు పళ్ళెం ఒకటి, రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ప్లాస్టిక్ ఏరేటరు చక్రాలు ఆరు, నైలాను వల ఓ మూట, కొన్ని జీఐ (జింకు పూత ఇనుము) పట్టీలు. పళ్ళేలని సగానికి కోసి పొలుసుల్లా పేర్చాలని ఆలోచన.

పొలుసులకి వెల్డింగా, రివెట్టా, తీగా? ఏరేటరు రెక్కలకి వెండి రంగు వేసి చూస్తే గోటితో గీకితే పొరలా వచ్చేస్తోంది, ఏం చెయ్యాలి? పళ్ళేలన్నీ బఫింగ్ (చక్రంతో మెరుగు) చేయించి తళతళలాడించాలా, ఉన్నవి ఉన్నట్టే పెట్టాలా? తుఫాను గాలికి నిలబడాలంటే కింద దిమ్మ ఎంత ఉండాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఆర్కు_బాబాయ్
పళ్ళేన్ని వెల్డింగు చెయ్యొద్దు బాబూ. ఇంటి పళ్ళెం మందం అర మిల్లీమీటరు, మహా అయితే 0.6. మామూలు ఆర్కు మెషీను మీద 3.15 రాడ్డు పెట్టి 90 ఆంపియర్లకి తిప్పితే అతుకు పడదు, బెజ్జం పడుద్ది. టిగ్ మెషీను (ఆర్గాన్ వాయువుతో సన్నగా అతికేది) ఉంటే 20–30 ఆంపియర్లలో పని జరుగుద్ది. ఆర్గాన్ నిమిషానికి 6–8 లీటర్లు, స్టీలుకి స్టీలయితే 308ఎల్ తీగ, స్టీలుని మామూలు ఇనుముకి అతకాలంటే 309ఎల్. కానీ వేడి తగిలిన చోట నీలం, గోధుమ మచ్చ వస్తుంది చూశారా, ఉప్పుగాలి ముందు అక్కడే పట్టుకుంటుంది. ప్రతి మచ్చకీ పిక్లింగ్ పేస్టు (మచ్చ తీసే యాసిడ్ పేస్టు) రాసి కడగాలి. రెండొందల పళ్ళేలకి అది అయ్యే పని కాదు. రివెట్టు కొట్టండి.

పుంజు_గోదావరి
పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఈ ఊరు బిందెలిచ్చి మరీ పులసని నిలబెడుతోంది. ముందు ఫోటో పెట్టండి బాబూ!

తీరంగాలి
బాబాయ్ రివెట్టు అన్నారు, ఏ రివెట్టో కూడా చెప్పాలి. ఊరికే పాప్ రివెట్లు అని అడిగితే కొట్టులో అల్యూమినియంవే చేతిలో పెడతారు. అల్యూమినియాన్ని స్టీలుకి కొట్టి ఉప్పు తేమలో వదిలితే అక్కడో చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియం. పైగా పళ్ళెం పెద్దది, రివెట్టు చిన్నది, కాబట్టి తినడమంతా ఆ చిన్న ముక్క మీదే పడుతుంది. తల చుట్టూ తెల్ల పొడి కనపడిందంటే ఊడిపోయే దారిలో ఉన్నట్టే.

స్టీలు రివెట్లే కావాలని అడగండి, 304 గ్రేడు (నికెల్ ఉన్న మంచి రకం), 4 మి.మీ.వి. రంధ్రం 4.1 మి.మీ. పళ్ళెం, పట్టీ కలిపి 2 మి.మీ. మందమైతే 4×6 సైజు చాలు. చిన్న చేతి రివెట్టరుతో స్టీలు రివెట్టు తెగదు, మణికట్టు పోతుంది. రెండు చేతులతో నొక్కే పొడవాటి పిడిది తెచ్చుకోండి.

కాలవగట్టు_కళ
@తీరంగాలి, నమూనాకి కొట్టినవి అల్యూమినియంవే. మార్చేస్తాం. స్టీలు పళ్ళేనికి డ్రిల్లు దిగడం లేదు, బిట్టు ఎర్రబడిపోతోంది.

ఆర్కు_బాబాయ్
వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ పెట్టుంటారు. గోడకి పెట్టినట్టు పెడితే స్టీలుకి కుదరదు. బిట్టు కొయ్యకుండా ఊరికే రుద్దుకుంటే ఆ చోటు ఇంకా గట్టిపడిపోద్ది, ఆ తర్వాత ఏ బిట్టూ దిగదు. కోబాల్టు కలిసిన హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు తీసుకోండి, 4 మి.మీ. బిట్టుకి నిమిషానికి 800 చుట్లు దాటనివ్వొద్దు, గట్టిగా నొక్కండి, పొట్టు తీగలా చుట్టుకుంటూ రావాలి. ముందు సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టండి. కింద చెక్క దిమ్మ ఉండాలి, లేకపోతే పళ్ళెం బిట్టుతో పాటు తిరిగి వేళ్లు కోసేస్తుంది. నూనె చుక్క మర్చిపోవద్దు. కోనసీమలో ఉన్నారు, కొబ్బరి నూనె చాలు.

ఇంకో మాట. ప్రతి పళ్ళేనికీ అయస్కాంతం పెట్టి చూడండి. అడుగుభాగానికి గట్టిగా అతుక్కుంటే అది నికెల్ లేని రకం, తుప్పు త్వరగా వస్తుంది. అంచు మడత దగ్గర కొంచెం లాగి, అడుగున లాగకపోతే కంగారు లేదు, మంచి స్టీలు కూడా మడిచిన చోట కొద్దిగా లాగుద్ది. అస్సలు అతుక్కోనివన్నీ 304 అనుకోవద్దు, నికెల్ తక్కువున్న 202 రకం కూడా అంతే. గట్టిగా అతుక్కునేవి కింద వరసలకి పెట్టండి, రేపు మార్చడానికి చెయ్యి అందుతుంది.

డ్రాయింగు_మాస్టారు
బిగించడం సంగతి మీరంతా బాగా చెబుతున్నారు. అసలు ఆ పళ్ళేలని కోయడం దేనికండి? సగానికి కోసిన పళ్ళెం వట్టి రేకు. రేకే కావాలంటే షాపులో కొత్త షీటు దొరుకుతుంది. 1942లో పికాసో సైకిలు సీటునీ హ్యాండిలునీ కలిపి ఎద్దు తల చేశాడు. అది చూసినవాడికి ఎద్దూ కనపడుతుంది, సైకిలూ కనపడుతుంది. రెండూ ఒకేసారి కనపడటమే అందులో విశేషం. మన దేశపు శిల్పి సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలతో అంత పెద్ద పుర్రెని కట్టినా గిన్నెలు గిన్నెలుగానే ఉన్నాయి, ఏ గిన్నే తన ఆకారం పోగొట్టుకోలేదు. మీ పులసలో కూడా ఎవరి పళ్ళెం వాళ్లు గుర్తుపట్టేలా ఉండాలి. అప్పుడే అది ఆ ఊరి పులస అవుతుంది.

లెక్కల_లంక
మాస్టారి మాట బాగుంది గానీ బరువు చూసుకోవాలి కదండి. 28 సెం.మీ. పళ్ళెం, అర మి.మీ. మందం: పావు కిలో. చేప ఒక పక్క వైశాల్యం సుమారు 2.8 చదరపు మీటర్లు. ఒక్కో పళ్ళెం సగం కిందకి పోయి సగం బయటికి కనపడితే 300 చదరపు సెంటీమీటర్లు కప్పుతుంది. పక్కకి 95, రెండు పక్కలా 190. మొత్తం 47, 48 కిలోలు. ఇదిగో, రాసేసరికి నాకే తేలింది, ఇది పెద్ద బరువేం కాదు. మీ దగ్గరున్న సామాను కూడా సరిగ్గా సరిపోతుంది. కోయక్కర్లేదు.

ఆర్కు_బాబాయ్
కోయకపోతే అంచు అడ్డం వస్తుందండి మాస్టారూ. పళ్ళేనికి నిలువంచు ఉంటుంది కదా, ఒకదాని మీద ఒకటి సమంగా కూర్చోదు, ఎగుడుదిగుడుగా లేస్తుంది.

డ్రాయింగు_మాస్టారు
లేవనివ్వండి బాబాయ్. పొలుసు లేచే ఉంటుంది. అంచు నీడ కింది పళ్ళెం మీద పడితేనే దూరం నుంచి పొలుసు పొలుసుగా విడిపడి కనపడుతుంది. చదునుగా అంటించేస్తే చేప కాదు, నీళ్ల ట్యాంకు.

తీరంగాలి
అంచు గొడవకి ఉపాయం ఉంది. అంచుకి రివెట్టు కొట్టకండి. పళ్ళెం అడుగు, అంటే చదునుగా ఉండే చోట, తల వైపుకి జరిపి రెండు రివెట్లు. పనికిరాని స్టీలు డబ్బాల నుంచి 30 మి.మీ. వెడల్పు నాలుకలు కోసి, ఎల్ ఆకారంలో వంచి, ఒక కాలు పళ్ళేనికి, రెండో కాలు గూడు మీదున్న పట్టీకి. ఒక్క రివెట్టయితే పళ్ళెం తిరుగుతుంది. తోక వైపు వదిలెయ్యండి.

వరసలు తోక దగ్గర మొదలుపెట్టి తలకేసి రావాలి, పెంకుటిల్లు నేసేటప్పుడు చూరు నుంచి పైకి వెళ్లినట్టు. వీపు మీద పళ్ళేల బోర్లా వైపే పైకి ఉండాలి. గుంట వైపు పైకి పెడితే ప్రతి పళ్ళెంలోనూ వాననీళ్లు నిలిచి పార్కు నిండా దోమలు. ఎక్కడైనా తప్పనిసరిగా గుంట పైకి వస్తే అన్నిటికంటే కింది చోట 6 మి.మీ. బెజ్జం.

గూడు పైపులకి కూడా నీళ్లు కారే బెజ్జాలు కావాలి. చదరపు పైపు బయట ఎంత రంగేసినా లోపల చెమ్మ పట్టి తుప్పు లోపలి నుంచి తింటుంది. పైకొసలు మూసేసి, కింద కొసల్లో 8 మి.మీ. బెజ్జం వదలండి.

రంగుల_డబ్బా
ఏరేటరు రెక్కల సంగతి. అది పాలీప్రొపిలీనో హెచ్‌డీపీఈయో అయ్యుంటుంది. రెండిటికీ ఏదీ అతుక్కోదు: ఎనామిలూ అతుక్కోదు, ఎపాక్సీ జిగురూ అతుక్కోదు, ఎమ్‌సీలూ అతుక్కోదు. ఆ ప్లాస్టిక్ స్వభావమే అది. నీళ్లు పోస్తే బొట్లుబొట్లుగా జారిపోతాయి చూడండి, రంగుకీ అదే గతి.

వెయ్యాల్సిందే అంటే ఇలా: 120 నంబరు గరుకు కాగితంతో రుద్దండి, సబ్బుతో కడిగి ఆరబెట్టండి. బ్లోల్యాంపు నీలి మంట కొసని ఆగకుండా ఒక్కసారి దాని మీదుగా నడిపించండి. కరగకూడదు, మెరుపు మారకూడదు. తర్వాత నీళ్లు చల్లితే బొట్లు కట్టకుండా పల్చగా పరుచుకోవాలి. పరుచుకుంటే అదే రోజు ప్లాస్టిక్ ప్రైమరు వెయ్యండి, కార్ల బంపర్లకి వేసేది, ఆటో పెయింటు కొట్టుల్లో ఉంటుంది. దాని మీద రెండు పలచని కోట్లు పీయూ (పాలీయురేథేన్) రంగు. ఆలస్యం చేస్తే ఆ మంట ప్రభావం తగ్గిపోతుంది.

చెరువు_గట్టోడు
రంగే వద్దండి దానికి. ఆ ఎరుపు, నీలం చూస్తేనే గదా భీమవరం నుంచి వచ్చేవాడు కూడా ఇది ఏరేటరు చక్రం అని పట్టేసేది! వెండి రంగేస్తే ఏదో ప్లాస్టిక్ ముక్క.

కానీ పాతవాటిని చూసుకుని వాడండి. ఎండకి పెళుసైపోయుంటాయి. రెక్కని చేత్తో వంచండి. వంచిన చోట తెల్ల గీత పడి విడిపోతే అది పనికిరాదు. వంగి వెనక్కి వస్తే ఇంకా ప్రాణం ఉంది. బిగించేటప్పుడు బోల్టుకి సరిగ్గా సరిపడే బెజ్జం పెట్టకండి, ఎండలో ప్లాస్టిక్ సాగుద్ది. మీటరు ముక్క 30 డిగ్రీల తేడాకి 3, 4 మిల్లీమీటర్లు పెరుగుద్ది. బెజ్జాన్ని పొడుగ్గా సాగదీసి, వెడల్పు వాషరు వేసి, నట్టు మరీ బిగించకుండా వదలాలి. బిగించేస్తే మొదటి వేసవికే బెజ్జం దగ్గర చీలిక.

కడగడానికి బ్లీచింగ్ వాడొద్దు. నాచు పోతుంది గానీ ఆ నీళ్లు స్టీలు మీద పడితే సూదిపోట్లలా గుంటలు పడతాయి. సబ్బూ, ప్రెషర్ పంపూ చాలు.

లేసుదారం
@చెరువు_గట్టోడు చెప్పిందే పళ్ళేలకీ వర్తిస్తుంది. బాత్రూము యాసిడ్ పెట్టి తోమకండి, అది కూడా స్టీలుకి అదే గుంటల రోగం తెస్తుంది. చింతపండు, బూడిద చాలు, తర్వాత మంచినీళ్లు. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాలవ నీళ్లతో ఆఖరి కడుగు.

బఫింగ్ వద్దే వద్దు. ఆ పళ్ళేల మీద పేర్లున్నాయి కదా? పెళ్లికి ఎవరు ఇచ్చారో, ఏ తేదీనో, చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లు. ఆ చెక్కుడు లోతు ఎంతండి, గోరు తగిలీ తగలనంత. బఫింగ్ చక్రం ఒక్కసారి ఆడితే పేరు పోతుంది. నా దృష్టిలో మీ దగ్గరున్న సామానులో అన్నిటికంటే విలువైనది ఆ చుక్కలే. ఒక్కో పులస పొలుసు మీద ఒక్కో ఇంటి పేరు ఉన్నట్టు. పేరున్న చోటు కనపడేలా పళ్ళేన్ని తిప్పి బిగించండి, రివెట్టు పేరు మీద పడకుండా ముందే చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. పేరు పడే సగం పైకి, ఖాళీ సగం కింది వరసలోకి. ఇచ్చినవాళ్లని ఒక మాట అడగండి కూడా, పేరు బజార్లో కనపడటం అందరికీ ఇష్టం ఉండదు. వద్దన్నవాళ్ల పళ్ళెం తిప్పి వెయ్యొచ్చు.

డ్రాయింగు_మాస్టారు
@లేసుదారం, ఇది నాకు తట్టలేదమ్మా. చాలా పెద్ద మాట చెప్పారు. చేప ఆకారం ఎవరైనా చెయ్యగలరు. ఆ పేర్లు ఈ ఊరికి తప్ప ఇంకెక్కడా లేవు.

గోకవరం_గ్రైండరు
నేను ఒప్పుకోను. పులస అంటేనే వెండి మెరుపు. మచ్చలు పడ్డ, గీతలు పడ్డ పళ్ళేలు పేరిస్తే దూరం నుంచి బూడిదరంగు మూటలా ఉంటుంది. కనీసం వీపు వరసలైనా బఫింగ్ చెయ్యాలి.

రంగుల_డబ్బా
@గోకవరం_గ్రైండరు, అద్దంలా చేస్తే మధ్యాహ్నం ఎండ సూటిగా రోడ్డు మీద బండి నడిపేవాడి కళ్లలో కొడుతుంది. పళ్ళెం గుంటగా ఉంటుంది కాబట్టి వెలుగుని ఒకచోటికి పోగేస్తుంది కూడా. రోజూ తోమిన పళ్ళేనికి వచ్చే మసక మెరుపు అన్ని వైపులకీ చెదిరి దూరానికి ఇంకా వెడల్పుగా కనపడుతుంది. పేరు లేని మూతలు కొన్నిటిని మెరిపించి అక్కడక్కడా పొట్ట కింద పెట్టండి. పులసకి మెరుపు పొట్ట మీదే ఎక్కువ, వీపు నల్లటి నీలం.

గోకవరం_గ్రైండరు
పొట్ట దగ్గర అంటే సరే. మూతల వరకు ఒప్పుకుంటాను.

పుంజు_గోదావరి
పొట్ట కింద రంపం పళ్లలా గరుగ్గా ఉంటుంది కదా పులసకి, దానికేం పెడతారు?

చెరువు_గట్టోడు
కక్కుల కొడవళ్లు! అరిగిపోయినవి తుక్కు కొట్లో దొరుకుతాయి. కోత మిషన్లు వచ్చాక వాటిని అడిగేవాడే లేడు. వంపు కూడా పొట్టకి సరిపోద్ది. పిడి తీసేసి వరసగా పెట్టండి, కొసలు మాత్రం గ్రైండరుతో మొద్దు చెయ్యాలి.

అజ్జరం_సుత్తి
ఇత్తడి, కంచు రెండూ ఒకటే అనుకుని సుత్తి ఎత్తకండి. ఇత్తడి బిందెని సాగగొట్టాలంటే చీకట్లో మసక ఎరుపు కనపడేదాకా కాల్చి, చల్లార్చి, అప్పుడు చెక్క సుత్తితో కొట్టాలి. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, సుత్తి ఎగిరి వస్తోందంటే మళ్లీ కాల్చాలి. కాల్చకుండా కొడితే చీలుతుంది. కంచు పళ్ళేన్ని మాత్రం చల్లగా ఉండగా అసలు కొట్టొద్దు, పెంకులా పగిలిపోతుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు కంటికి పెట్టండి, అంచు దగ్గర మూడు స్టీలు పట్టీలతో పట్టి. బెజ్జం పెట్టాలన్నా ఒత్తిడి లేకుండా, మెల్లగా.

కొట్టిన ఇత్తడిలో బిగువు ఉండిపోతుంది. దానికి అమ్మోనియా తగిలితే దానంతటదే చీలుతుంది. పశువుల పాకలు, ఎరువుల గోడౌన్లు, పిట్టల రెట్ట, అన్నిటిలోనూ అమ్మోనియానే. పని అయ్యాక ఆఖర్న 250–300 డిగ్రీలకి ఓ గంట వేడి చేసి వదిలితే బిగువు పోతుంది. ఇత్తడిని చెయ్యి అందని ఎత్తులో పెట్టండి. ఇత్తడి రేటు తెలిసినవాడు రాత్రిపూట వస్తాడు.

గోకవరం_గ్రైండరు
తలకి గుండ్రటి ఆకారం కావాలంటే పురుగుమందు డ్రమ్ములు చవగ్గా వస్తాయి. సగానికి కోస్తే సరిగ్గా దవడలా ఉంటుంది.

ఆర్కు_బాబాయ్
వద్దు! పురుగుమందు డబ్బా అయినా, డీజిలు పీపా అయినా, మూసున్న ఏ డ్రమ్మునీ మంటతోనో గ్రైండరుతోనో కొయ్యొద్దు. ఖాళీగా కనపడినా లోపల ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ పడితే బాంబే. పురుగుమందుది కడిగినా అతుకుల్లో మిగులుద్ది, వేడి చేస్తే ఆ పొగ పీలుస్తారు. పిల్లలు తాకే పార్కులో అసలు పెట్టకూడదు.

జీఐ పట్టీలు ఉన్నాయన్నారు కదా, వాటిని వెల్డింగు చేసేముందు రెండు పక్కలా అంగుళం మేర జింకు పూత రుద్దేసి చెయ్యండి. ఆ తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలీ జ్వరం. పాలు తాగితే ఏమీ కాదనే మాట నమ్మొద్దు. బయట, గాలికి వీపు పెట్టి, మాస్కు వేసుకుని చెయ్యాలి.

లేసుదారం
నైలాను వల ఎక్కడ వాడుతున్నారు? వదులుగా వేలాడదీస్తే పిట్టలూ గబ్బిలాలూ చిక్కుకుని చచ్చిపోతాయి. వాడితే తాడులా గట్టిగా పేనెయ్యండి. అదీ ఎండకి పొడైపోయేదే, ప్లాస్టిక్ పోగులు కాలవలోకి పోతాయి. నన్నడిగితే వల మానెయ్యండి. పొలుసుల మధ్య ఖాళీలకి మూతల నుంచి కోసిన చిన్న బిళ్లల్ని తీగతో అల్లొచ్చు. ఘనాలో పుట్టిన శిల్పి ఎల్ అనాట్సుయి సీసా మూతల్ని చదును చేసి రాగి తీగతో బట్టలా కుడతాడు, గోడంత పెద్దవి. మీరు రాగి కాకుండా 0.9 మి.మీ. స్టీలు తీగ వాడండి. బెజ్జం అంచు నునుపు చెయ్యకపోతే గాలికి ఊగి ఊగి తీగని కోసేస్తుంది.

కాలవగట్టు_కళ
వల మానేశాం. పళ్ళేలు కోయడం లేదు, బఫింగ్ కూడా లేదు. పేర్లున్నవి విడదీస్తే సగానికి పైగా వచ్చాయి. దిమ్మ సంగతి ఇంకా తేలలేదు.

లెక్కల_లంక
దానికే వస్తున్నా. మన తీరానికి డిజైను గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఒత్తిడి = 0.6 × 50 × 50 = 1500 న్యూటన్లు, చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. చేప పక్క 2.8 చదరపు మీటర్లు, ఆకారానికి 1.2 రెట్లు వేసుకుంటే 500 కిలోల తోపు. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో తెలుసు కదా, ఇది ఊహ లెక్క కాదు.

చేప మధ్యభాగం నేలకి 3.2 మీటర్ల ఎత్తున ఉంటే పొట్ట 8 అడుగుల పైన ఉంటుంది, పిల్లలకి అందదు. దిమ్మ అడుగు నుంచి చూస్తే 4 మీటర్లు. పడగొట్టే బలం 500 కిలోలు × 4 మీటర్లు = 2000. దిమ్మ 1.8 × 1.8 × 0.75 మీటర్లు పోస్తే కాంక్రీటు 5800 కిలోలు. కానీ డెల్టాలో వానాకాలం నీళ్లు నేల మట్టానికి వస్తాయి. నీళ్లలో మునిగిన కాంక్రీటు క్యూబిక్ మీటరుకి 2400 కాదు, 1400 కిలోలే లెక్క. అప్పుడు 3400 కిలోలు, దాని నిలదొక్కు 3400 × 0.9 = 3060. ఒకటిన్నర రెట్లు. సరిపోతుంది. స్తంభం 4 అంగుళాల పైపు చాలదు, వంగుతుంది. 6 అంగుళాలది, గోడ మందం 5 మి.మీ.కి తగ్గకుండా. ఈ కాగితాన్ని పంచాయతీ ఇంజినీరుకి చూపించి సంతకం అయ్యాకే గొయ్యి తవ్వండి. కాలవ గట్టు కోతకి గురయ్యే చోట మాత్రం వద్దు.

తీరంగాలి
ఇంత తోపుని ఎదుర్కోవడం దేనికి? తిరగనివ్వండి. స్తంభం మీద చేప గాలికి తిరిగితే ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది. ఎదుటి నుంచి చేప వైశాల్యం 0.4 చదరపు మీటర్లే, తోపు 60–70 కిలోల దగ్గర ఆగుతుంది.

డ్రాయింగు_మాస్టారు
ఆగండాగండి. పులస చేసేది కూడా అదే కదా! సముద్రం నుంచి వచ్చి ఎర్రనీటి వరదకి ఎదురీదుతూ ధవళేశ్వరం వైపు వస్తుంది. ఈ చేప ఎప్పుడూ గాలికి ఎదురుగా ఉంటుందన్నమాట. మీరు గాలి లెక్క కోసం చెప్పారు గానీ బొమ్మకి ప్రాణం దొరికింది.

ఆర్కు_బాబాయ్
బేరింగు కొనక్కర్లేదు. ట్రాక్టరు ముందు చక్రం హబ్బు, స్టబ్ యాక్సిలుతో సహా తుక్కులో దొరుకుద్ది. యాక్సిలుని నిలువుగా స్తంభం మీద బిగించి హబ్బు పైన కూర్చోబెట్టడమే. లోపల రెండు టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి, ఈ చేప బరువు దానికి లెక్కే కాదు. హబ్బుని చేప కడుపులో, నడిమి ఎత్తులో పెట్టండి. పొట్ట కింద పెడితే గాలి చేపని పక్కకి వాల్చి బేరింగుని పిండేస్తుంది.

లెక్కల_లంక
తిరిగేలా చేసినా స్తంభం, దిమ్మ మాత్రం 500 కిలోల తోపుకే ఉంచండి. తుప్పుపట్టి హబ్బు మొరాయించిన రోజు తుఫాను వస్తే?

ఇంకో లెక్క. ముక్కు గాలికి ఎదురు నిలవాలంటే ఇరుసు నడిమికి ముందు ఉండాలి. 3 మీటర్ల చేపకి ముక్కు నుంచి 1.15 మీటర్ల దగ్గర పెట్టండి. చేప 150 కిలోలు, బరువు కేంద్రం ముక్కు నుంచి 1.4 మీటర్ల దగ్గర ఉంటే తోక కిందకి లాగుతుంది. దాన్ని సరిచెయ్యడానికి తలలో, ముక్కు నుంచి 30 సెం.మీ. దగ్గర 44 కిలోలు కావాలి: (150 × 0.25) ÷ 0.85.

చెరువు_గట్టోడు
44 కిలోలంటే పడికట్టు రాళ్లు! 20వి రెండు, 2వి రెండు. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక అవి చేపల కాటాల దగ్గర మూలన పడున్నాయి. చేపలు తూచిన రాళ్లే చేప తలలోకి.

డ్రాయింగు_మాస్టారు
వాటిని లోపల దాచొద్దు. మొప్ప దగ్గర తెరిచి ఉంచండి, కనపడాలి.

కాలవగట్టు_కళ
ఇద్దరు ముగ్గురు రైతులు రాళ్లు ఇస్తామన్నారు. బరువు కేంద్రం కాగితం మీద కాకుండా నిజంగా ఎలా కనుక్కోవాలి? హబ్బుకి గ్రీజు ఎన్నాళ్లకి?

ఆర్కు_బాబాయ్
పొలుసులు, రెక్కలు, కొడవళ్లు అన్నీ బిగించాక చేపని ఇరుసు పడే చోట చైన్ పుల్లీకి వేలాడదీయండి, నేలకి అడుగు ఎత్తున చాలు. తోక దిగితే తలలో రాయి పెంచండి, తల దిగితే తగ్గించండి. సమంగా నిలిచాకే రాళ్లని బోల్టులతో బిగించేది. తాడు పట్టీలతో ఊరికే కట్టొద్దు, తిరిగేటప్పుడు జరుగుతాయి.

గూడుకి రంగు పొలుసులకి ముందే అయిపోవాలి: మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆరాక జింక్ ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు, పైన పీయూ. ఉప్పు మీదే రంగేస్తే బుడగలు లేస్తాయి. రివెట్టు కొట్టిన ప్రతి బెజ్జం అంచుకీ ప్రైమరు చుక్క తాకించండి.

గ్రీజు ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు మే నెలలో ఒకసారి, తుఫానులు తగ్గాక డిసెంబరులో ఒకసారి. నీటికి తట్టుకునే మెరైన్ గ్రీజు అడగండి. హబ్బు నోటి మీద బోర్లించడానికి మీ స్టీలు డబ్బా మూత ఒకటి పక్కన పెట్టుకోండి, సరిగ్గా సరిపోద్ది. గ్రీజు నిపుల్ పొట్ట పక్కన ఉండాలి, అక్కడి పళ్ళెం ఒక్కటి రివెట్టు కాకుండా రెండు స్టీలు బోల్టులతో బిగించండి, విప్పి తీసేలా.